రిపోర్టుకు నోరు లేదు

బందరులో పొద్దున్నే ఏడు గంటలకు ఏ రక్తపరీక్ష కేంద్రం ముందు నిలబడినా ఒక సంభాషణ చెవిన పడుతుంది. "పరగడుపునే వచ్చారా బాబాయిగారూ?" అని రక్తం తీసే కుర్రాడు అడుగుతాడు. "ఏమీ తినలేదయ్యా, ఇంట్లో టీ చుక్క గొంతులో పోసుకుని బయల్దేరానంతే" అంటాడాయన. ఆ చుక్కలో రెండు చెంచాల పంచదార ఉంటుంది. కుర్రాడు వింటే రేపు రమ్మంటాడు. జనం ఎక్కువగా ఉండి వినకపోతే సూది గుచ్చుతాడు. మధ్యాహ్నానికి కాగితం మీద ఒక అంకె పడుతుంది, సాయంత్రానికి ఆ అంకెను బట్టి బిళ్ళ పెరుగుతుంది. ఆ టీ సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

బందరు, గుడివాడల నుంచి దివిసీమ చివర నాగాయలంక దాకా షుగరు వైద్యం ఒకే నమ్మకం మీద నడుస్తోంది: రక్తం అబద్ధం చెప్పదు, మనిషి చెబుతాడు, కాబట్టి రక్తాన్నే అడగాలి. మూడు నెలలకోసారి చూపించుకోవడానికి వచ్చిన రోగికి ముందుగా ఒక ప్రశ్నల కాగితం ఇచ్చి, ఇంట్లో, పొలంలో, చెరువు గట్టు మీద అతని రోజు ఎలా గడుస్తోందో తెలుసుకుందామంటే పెదవి విరిచేవాళ్ళే ఎక్కువ. అది అమెరికా వేషమంటారు. అంత తీరిక ఎక్కడిదంటారు. మనవాళ్ళకు చదువు రాదంటారు. రోగులు కూడా తక్కువ తినలేదు. పది రూపాయల ప్రశ్న కన్నా అయిదొందల పరీక్ష మీదే వాళ్ళకు గురి. "ఏం పరీక్షలూ రాయలేదు, ఊరికే కబుర్లు చెప్పి పంపించాడు" అని వైద్యుణ్ణే మార్చేస్తారు.

ఈ నమ్మకం తప్పు. అందులో పాలుపంచుకునేవాళ్ళు చిన్న సంఖ్యలో లేరు కాబట్టి తప్పు కూడా చిన్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 19.5 శాతం, మగవాళ్ళలో 21.8 శాతం మందికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా వాళ్ళు దానికి మందులు వాడుతున్నారు. అంటే అయిదుగురు కూర్చున్న అరుగు మీద ఒకరన్నమాట.

ముందు రక్తం నిజాయితీ సంగతే చూద్దాం. పరగడుపు అంకె ఆ ఒక్క పూట సంగతి. డాక్టరు దగ్గరికి వెళ్ళే వారం ముందు నుంచి వ్రతం పట్టినట్టు బిళ్ళలు వేసుకుని, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకునేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ వారం అంకె చూసి మిగతా పన్నెండు వారాలు అంచనా కట్టడం, మంత్రిగారు వచ్చిన రోజు ఊరి శుభ్రత చూసి మెచ్చుకోవడం లాంటిది. ఆ మోసం కుదరకుండా హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది. రెండు మూడు నెలల సగటు చెబుతుంది, మంచి పరీక్షే. కానీ ఒంట్లో ఇనుము తక్కువై రక్తహీనత ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఈమధ్య రక్తం బాగా పోయినా, ఎక్కించినా తక్కువ చూపించవచ్చు. అదే సర్వే రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. కనుక ఆ అబద్ధం చెప్పని కాగితాన్ని నమ్మాలన్నా ముందు ఆమెను అడగాలి: బహిష్టులో రక్తం ఎక్కువగా పోతోందా, నీరసంగా ఉంటోందా, ఇనుము బిళ్ళలు వాడుతున్నారా?

సగటు అనే మాటలోనే మరో చిక్కుంది. డెల్టా శివారు రైతును అడిగితే తెలుస్తుంది. కాలువలో ఏడాది సగటు నీరు బ్రహ్మాండంగా ఉందని ఇంజనీరు లెక్క చూపిస్తాడు. కోడూరు రైతు నాట్లకు నీరందక ఎండిందనీ, కోతల వేళ వాన కొట్టి మునిగిందనీ చెబుతాడు. ఇంజనీరు, రైతు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. షుగరు కూడా అంతే. మధ్యాహ్నం మూడొందలకు ఎక్కి, తెల్లవారుజామున అరవైకి పడే మనిషికీ, రోజంతా నిలకడగా ఉండే మనిషికీ ఒకే సగటు రావచ్చు. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళ వేసుకుని, ఆషాఢ శ్రావణాల్లో పొద్దుటి నుంచి నడుం వంచి నాట్లు వేసే ఆడమనిషికి పదకొండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. గట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పి నాలుగు ముద్దలు తింటే తేరుకుంటుంది. చక్కెర పడిపోయిందని తెలియక ఎండదెబ్బ అనుకుంటుంది. మూడు నెలల తర్వాత సగటు అంకె ముచ్చటగా వస్తుంది. "శభాష్, ఇలాగే వాడండి" అని పంపించేస్తారు.

ఇక మనిషి అబద్ధం చెబుతాడన్న మాట. చెబుతాడు. ఎందుకు చెప్పడు? "మందులు సక్రమంగా వాడుతున్నారా?" అని తెల్లకోటు అడిగితే "ఆఁ, వాడుతున్నానండి" తప్ప వేరే జవాబుకు దారేది? అది ప్రశ్న కాదు, బడిలో హోంవర్కు చేశావా అని పంతులు గద్దించడం. మందులు మానేయడం మీద 1986లో మోరిస్కీ అనే పరిశోధకుడు తయారుచేసిన నాలుగు ప్రశ్నల కొలబద్ద ఈ కిటుకును పట్టుకుంది. మరిచిపోవడం, నలతగా ఉంటే మానేయడం, బాగుందనిపించినా మానేయడం, ఇవన్నీ మనుషులకు జరిగేవేనన్నట్టు అడుగుతుంది. మన మాటల్లో అయితే, "పనుల్లో పడితే బిళ్ళ సంగతి ఎవరికైనా గుర్తుండదు. కిందటి వారంలో ఎన్ని రోజులు తప్పింది?" అనాలి. ఇలా అడిగితే "రెండు రోజులండీ, చుట్టాలొచ్చారు" అని జవాబొస్తుంది. అబద్ధం రోగి నోట్లో పుట్టినట్టు కనిపిస్తుంది గానీ, సగం అడిగిన తీరులోనే పుడుతుంది.

కొన్నిసార్లు అబద్ధమే ఉండదు, మాటకు అర్థం వేరు. "ఉపవాసాలుంటారా?" అంటే గుడివాడ గృహిణి "శనివారం ఉంటానండి" అంటుంది. డాక్టరు ఆమె ఆ పూట ఏమీ తినదనుకుని భయపడతాడు. నిజానికి శనివారం రాత్రి ఆమె అన్నం తినదు, అంతే. నాలుగు ఇడ్లీలో, గిన్నెడు ఉప్మానో తింటుంది. కార్తీక సోమవారం సంగతి వేరు, ఆ రోజు నక్షత్రం చూసేదాకా నిజంగానే పస్తుంటుంది. ఈ రెండు ఉపవాసాలకూ బిళ్ళ ఒకటే వేళకు పడితే ఒకసారి ఏమీ కాదు, ఒకసారి మనిషి పడిపోతుంది. అలాగే "స్వీట్లు తింటారా?" అంటే అందరూ లేదంటారు. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి పాపమంతా దాని నెత్తిన వేస్తారు గానీ, పూటకు కంచం నిండా తెల్లన్నం సంగతి ఎవరూ అడగరు. అన్నం తీపి కాదు కదా.

రంజాను నెలకైతే లెక్కలే ఉన్నాయి. భారత్‌తో సహా 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగరు ఉన్న ముస్లింలను 2001లో ప్రశ్నించిన ఎపిడయార్ అధ్యయనం, ఉపవాస మాసంలో టైప్ 2 రోగులకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలలకన్నా ఏడున్నర రెట్లు పెరిగిందని చూపింది. ఆ తర్వాతే రంజానుకు ముందు ఎవరికి ఎంత ప్రమాదమో మార్కులు వేసే ప్రశ్నావళులు వచ్చాయి. వాటిని వాడితే ఇన్సులిన్ మోతాదు, బిళ్ళ వేళలు నెల ముందే మార్చవచ్చు. బందరు పట్టణంలో ఈ ఒక్క కాగితం అవసరమైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏ రక్తపరీక్షా "మీరు ఈసారి రోజా ఉంటున్నారా?" అని అడగదు.

అమెరికా వేషమన్న మాటకు వద్దాం. రోగిని అడిగి తెలుసుకోవడం పడమటి సరుకని ఎవరన్నారు? ఆయుర్వేదం చెప్పిన మూడు పరీక్షలు దర్శనం, స్పర్శనం, ప్రశ్న. చూడు, తాకు, అడుగు. ల్యాబు వచ్చాక మొదటి రెండూ తగ్గాయి, మూడోది పోయింది. ఆ మూడోదాన్ని తిరిగి తెమ్మంటే మాత్రం విదేశీ వ్యామోహం!

అయితే ఈ విమర్శలో ఒక ముక్క నిజముందని ఒప్పుకోవాలి. ఇప్పుడు అక్కడక్కడ కనబడే తెలుగు ప్రశ్నావళులు చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. నరాలు దెబ్బతిన్నాయో లేదో చూడ్డానికి ప్రపంచమంతా వాడే మిషిగన్ ప్రశ్నావళి ఉంది. మంచి సాధనం, పదిహేను అవునూ-కాదు ప్రశ్నలు. వాటిలో ఒకటి, స్నానపు తొట్టిలోకో షవరు కిందికో వెళ్ళినప్పుడు వేడినీళ్ళకూ చన్నీళ్ళకూ తేడా తెలుస్తోందా అని. అవనిగడ్డలో తొట్టి స్నానం ఎవరు చేస్తారు? బకెట్టులో వేణ్ణీళ్ళు పెట్టుకుని, ముందు చేత్తో చూసి, తర్వాత చెంబుతో పోసుకుంటారు. తేడా చేతికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, మొద్దుబారిన కాలి సంగతి బయటికే రాదు. మరో ప్రశ్న, పక్కదుప్పటి తగిలితే నొప్పిగా ఉంటోందా అని. మే నెలలో ఉక్కకు అల్లాడుతూ ఆరుబయట మంచమేసుకునేవాడికి దుప్పటి ఏమిటి? "చీర కుచ్చిళ్ళు పాదాలకు రాసుకుంటే మండుతోందా? చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు నడిచారా? చెరువులోంచి పైకొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా నత్తగుల్ల కోసిందని తెలియలేదా?" అని అడిగితే ఆ మిషిగన్ ప్రశ్నలే దివిసీమ ప్రశ్నలవుతాయి. లోపం ప్రశ్నలో లేదు, నిఘంటువు పక్కన పెట్టుకుని మాటకు మాట దించేసిన పనిలో ఉంది. మనసు సంగతీ అంతే. "కుంగుబాటు" అని అచ్చేస్తే టిక్కు పడదు. "బెంగగా ఉంటోందా, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదా" అంటే కన్నీళ్ళు కారుతాయి.

ఇంకో విచిత్రం. ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఒక ప్రశ్నల పత్రం ఉంది. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళందరినీ ఆశా కార్యకర్త ఇంటికెళ్ళి అడిగే సీబ్యాక్ పత్రం. వయసు, పొగ, మద్యం, నడుం కొలత, శ్రమ, కుటుంబంలో జబ్బులు కలిపి నాలుగు మార్కులు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. మద్రాసు పరిశోధకులు 2005లో ప్రకటించిన భారతీయ మధుమేహ ప్రమాద సూచీ కూడా నాలుగు సంగతులతోనే, రక్తం చుక్క తీయకుండా, ఎవరికి షుగరు ఉండొచ్చో పట్టుకుంటుంది. అంటే షుగరు ఉందో లేదో తెలియని మనిషిని ప్రశ్నలతో వెతకడం తప్పు కాదట. వచ్చిందని తేలాక, ఇరవై ఏళ్ళు దానితో కాపురం చేయాల్సిన మనిషిని మాత్రం ఏమీ అడగక్కర్లేదట! ఆ సీబ్యాక్‌లోనూ వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ చేస్తారా అన్న ప్రశ్న ఉంది. దాన్ని "వ్యాయామం చేస్తారా?" అని అడిగితే నాట్ల కూలీ "మాకెక్కడిదమ్మా, వాకింగు పెద్దోళ్ళు చేస్తారు" అంటుంది. పత్రంలో ఆమె శ్రమ చేయనట్టే పడుతుంది.

చదువు రానివాళ్ళతో ఈ పని కాదన్నవాళ్ళు పక్క డెల్టాకు వెళ్ళి చూడాలి. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003–04లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన జరిగింది. ఆ ఏడాది అక్కడ 1,354 మంది చనిపోయారు. వాళ్ళ ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళి, చివరి రోజుల్లో ఆయాసం వచ్చిందా, గుండెనొప్పి వచ్చిందా, ఒక పక్క పడిపోయిందా అని బంధువులను ఒక పద్ధతి ప్రకారం అడిగారు. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనని తేలింది. అంటురోగాలు దానికి చాలా దిగువన ఉన్నాయి. పల్లెటూరంటే కలరా, మలేరియా, పాముకాటు అనుకునే రోజుల్లో తెలుగు పల్లె అసలు దేనితో చనిపోతోందో బయటపెట్టింది ప్రయోగశాల కాదు, నోటితో అడిగిన ప్రశ్నలే. చనిపోయినవాళ్ళ గురించి అడిగి అంత తెలుసుకోగలిగినప్పుడు, ఎదురుగా బల్ల మీద కూర్చున్న మనిషిని అడగడానికి చదువు అడ్డమా?

తీరిక లేదన్న వాదన వినడానికి బలంగా ఉంటుంది. 67 దేశాల లెక్కలు కూర్చి 2017లో బ్రిటిష్ పరిశోధకులు ప్రచురించిన వ్యాసంలో, సాధారణ వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాల పైచిలుకు. మనది సుమారు రెండు నిమిషాలు. నిజమే, రెండు నిమిషాల్లో ఏమడుగుతారు? కానీ ఆ రెండు నిమిషాల కోసం రోగి బయట బల్ల మీద ఎంతసేపు కూర్చుంటాడు? గుడివాడలో ఓపీ చీటీ తీసుకుని వరసలో గడిపే గంట, గంటన్నర ఎవరి లెక్కలోనూ లేదు. ఆ బల్ల మీదే కాగితం చేతిలో ఉంటే, చదవలేనివాళ్ళకు నర్సమ్మో, వెంట వచ్చిన మనవరాలో చదివి పెడితే, లోపలికి వెళ్ళేసరికి డాక్టరు ముందు ఆ రెండు నిమిషాలు ఎక్కడ ఖర్చు పెట్టాలో గుర్తు పెట్టి ఉంటుంది. మిగతా వంద మాటలూ దాటేసి "రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయన్నారు, ఎన్నాళ్ళ నుంచి?" అని మొదలుపెట్టవచ్చు. కాగితానికి ఇంకో సుగుణం ఉంది, దానికి సిగ్గు లేదు. యాభై ఏళ్ళ మగవాడు దాంపత్యంలో పటుత్వం తగ్గిందని కూతురి వయసున్న డాక్టరమ్మతో చెప్పడు, గుప్తంగా వెళ్ళి సన్యాసి మూలికలు కొంటాడు. టిక్కు మాత్రం పెట్టగలడు. అయితే అప్పుడు మనవరాలు పక్కన ఉండకూడదు మరి.

ఈ వాదనలన్నిటిలోకీ తోసిపుచ్చలేనిది ఒకటుంది. అడిగి ఏం చేస్తారు? బెంగగా ఉందని చెబితే మందు చీటీలో ఏం రాస్తారు? దీనికి జవాబు డచ్చి దేశంలో దొరికింది. 2001లో అక్కడ మధుమేహ రోగులకు మనఃస్థితి ప్రశ్నావళి ఇచ్చి, జవాబుల మీద నర్సు కూర్చుని మాట్లాడే పద్ధతిని పరీక్షించారు. మనసు తేలికపడింది. హెచ్‌బీఏ1సీ మాత్రం కదలలేదు, ఆ సంగతీ దాచకూడదు. 2011లో అదే బృందంలోని వాళ్ళు మరోసారి చూశారు. ఈసారి ప్రశ్నావళిలో దిగులు బయటపడిన వాళ్ళకూ, వాళ్ళ వైద్యులకూ ఉత్తరం రాసి ఊరుకున్నారు. ఏ మార్పూ రాలేదు. ప్రశ్న ఒకటే, వెనక మనిషి ఉన్నప్పుడు పనిచేసింది, లేనప్పుడు పనిచేయలేదు. కాబట్టి తన చేతిలో లేనిదాన్ని ఆసుపత్రి అడగకూడదు. పాదాల మంట గురించి అడిగితే పాదాలు ముట్టుకుని పది గ్రాముల నైలాను పోగుతో పరీక్షించే మనిషి అక్కడుండాలి. ఇరవై ప్రశ్నలు అచ్చేసి దస్త్రాల కట్టలో పెట్టేవాళ్ళు, ప్రశ్నలే వద్దనేవాళ్ళకు అక్కరకొచ్చే మిత్రులు.

మేం రోజూ అడుగుతూనే ఉన్నామని వైద్యులు నొచ్చుకోవచ్చు. భారత్‌తో సహా 17 దేశాల్లో జరిగి 2013లో వెలువడిన డాన్-2 అధ్యయనంలో, షుగరు మీ జీవితాన్ని ఎలా మార్చిందని రోగులను అడుగుతున్నామని సుమారు సగం మంది వైద్య సిబ్బంది చెప్పారు. మమ్మల్ని అడిగారని చెప్పిన రోగులు నాలుగో వంతు. ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. నోటితో అడిగింది గాల్లో కలిసిపోతుంది, కాగితం మీద అడిగింది ఉంటుంది.

ఏం అడగాలన్నది పెద్ద పరిశోధన అక్కర్లేని విషయం. గిలకలదిండి నుంచి రోజుల తరబడి వేటకు వెళ్ళే మనిషిని, ఇన్సులిన్ ఎక్కడ పెడతారని అడగాలి. బోటులో చేపల కోసం ఐసు ఉంటుంది, సీసా అందులో గుచ్చితే గడ్డకడుతుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగా ఉన్నా పనితనం నమ్మలేం. నాగాయలంకలో రొయ్యల చెరువుకు రాత్రి కాపలా కాసే మనిషిని, పడుకునేది ఎప్పుడు, తినేది ఎప్పుడు అని అడగాలి. మందు చీటీలో "టిఫినుకు ముందు" అని ఉంటుంది, టిఫిను వేళకు అతను నిద్రపోతుంటాడు. 2023లో మొదలైన బందరు ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు ఒక ఏడాది వార్డుల్లో రోగులు వాడే మాటలు రాసిపెట్టుకుంటే చాలు, ఎనిమిది ప్రశ్నల పత్రం తయారవుతుంది. ప్రభుత్వ ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి వచ్చాక నెలకు రెండుసార్లు వైద్యుడితో 104 వాహనం ఊళ్ళోకి వస్తుందని చెప్పారు. ఆ రోజు రావిచెట్టు కింద కూర్చునేవాళ్ళ చేతికి ఆ పత్రం ఇవ్వవచ్చు.

కార్తీకంలో మాత్రం ఒక ప్రశ్న కలపాలి: "ఈ ఏడు మాల వేసుకుంటున్నారా?" అయ్యప్ప దీక్ష 41 రోజులు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం, కాళ్ళకు చెప్పుల్లేవు. భవానీ మాల వేసుకున్నవాళ్ళలో బెజవాడ దాకా నడిచి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. డాక్టరు వద్దంటాడని షుగరున్న స్వామి ముందుగా చెప్పడు. వద్దనక్కర్లేదు కూడా. పొద్దుటి బిళ్ళ భిక్ష వేళకు జరిపి, రోజూ రాత్రి అరికాళ్ళను అద్దంలో చూసుకోమని చెప్పి, ఆ నలభై ఒక్క రోజుల్లో ఒకసారి పిలిచి పాదాలు చూస్తే సరిపోయేవాళ్ళు చాలామంది. నవంబరులో అడగకపోతే ఆ సంగతి జనవరిలో, సంక్రాంతి తర్వాత, మానని పుండు రూపంలో తెలుస్తుంది.